మూడుసార్లు తిరిగొచ్చిన రాజీనామా

రబిగా ఆ కోళ్లఫారంలో పదకొండేళ్లు పనిచేసింది. పదకొండేళ్లూ హేచరీలోనే. గుడ్లు ట్రేలలో లోపలికి వచ్చిన దగ్గర్నుంచి, ఇరవై ఒకటో రోజున పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటపడేదాకా ఆ వేడి గదులన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. వేడి ఎంతుందో, తేమ ఎంతుందో చెప్పడానికి యంత్రాలకు ముళ్లు ఉన్నాయి. రబిగాకు వాటితో పెద్దగా పనిలేదు. తలుపు తీయగానే మొహానికి కొట్టే గాలిని బట్టే మూడో నంబరు యంత్రం ఇవాళ మొండికేస్తోందని చెప్పేసేది.

ఆ ఏడాది అక్టోబరు జీతం రాలేదు. నవంబరుదీ రాలేదు. దాణా లారీలు వారానికి నాలుగు వచ్చేవి రెండయ్యాయి, తర్వాత ఒకటైంది. డైరెక్టరు బేసెన్ ఒకరోజు అందర్నీ షెడ్డు ముందు నిలబెట్టి కొత్త సంవత్సరం దాకా ఓపిక పట్టమన్నాడు. కొత్త సంవత్సరం వెళ్లాక మార్చిలో వచ్చే నౌరిజ్ పండగ దాకా అన్నాడు. జనవరిలో బ్యాంకు వాళ్లు వచ్చి గోదాము తలుపుకు సీలు వేసిపోయారు. దాంతో ఫారం మునిగిపోతోందని కొక్‌తెరెక్ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా అర్థమైపోయింది.

రబిగా ఇంట్లో ఆమె జీతమే ఆధారం. భర్త కెంజెబెక్ ట్రాక్టరు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి బరువు పనులు చేయలేడు. కూతురు ఐగనిమ్ తల్దికోర్గాన్‌లో నర్సింగు చదువుతోంది. ఫిబ్రవరిలో జార్కెంట్ ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఆపరేషను కత్తులూ కత్తెరలూ ఉడకబెట్టి శుద్ధిచేసే గదిలో ఒక ఖాళీ ఉంది. పెద్ద నర్సు రబిగాకు దూరపు చుట్టం. మార్చి మొదటివారం వరకూ ఆ చోటు ఆపి ఉంచుతాననీ, ఈలోగా పాత ఉద్యోగం వదులుకున్నట్టు రాయించిన పని పుస్తకం తెచ్చుకోమనీ చెప్పింది.

ఎవరెక్కడ ఎన్నేళ్లు పనిచేశారో రాసి ఉండే ఆ పని పుస్తకాలన్నీ ఆఫీసులో ఒరిన్‌షా బీరువాలో ఉంటాయి.

ఒరిన్‌షాకు యాభై ఎనిమిదేళ్లు. ఫారం పుట్టినప్పటి నుంచీ ఉద్యోగుల కాగితాలన్నీ ఆమే చూస్తోంది. కళ్లజోడుకు నల్ల దారం కట్టి మెళ్లో వేసుకునేది. సెలవు చీటీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా వెనక్కి ఇచ్చేసేది. ఆరు నిమిషాలు ఆలస్యమైతే ఆరు నిమిషాలనే రాసేది, అయిదని రాసేది కాదు. ఆడవాళ్లు చాటుగా ఆమెను తాళంకప్ప అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పిల్లల్ని ఏరే గదిలో పనిచేసే బాల్‌జన్. బాల్‌జన్ నోటికి హద్దు లేదు.

రబిగా ఆఫీసుకు వెళ్లేసరికి ఒరిన్‌షా బల్ల పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. అందులో డైరెక్టరు బావమరిది కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఫోను చూసుకుంటున్నాడు. పనివేళంతా అక్కడే ఉంటున్నాడని అంతకుముందే అందరూ చెప్పుకున్నారు. గోడకు ఒక కాగితం అతికించి ఉంది. మానేసేవాళ్లు దాన్ని చూసి రాసుకోవాలి. “నా ఇష్టప్రకారం ఉద్యోగం మానుకుంటున్నాను. కంపెనీ నుంచి నాకు రావలసినది ఏమీ లేదు” అని ఉంది దాని మీద. అలా రాసిచ్చినవాళ్లను డైరెక్టరు ఆ రోజే వదిలేస్తున్నాడు. నెలరోజులు ఆగమని కూడా అనడం లేదు.

రబిగా దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించి ఇచ్చింది. ఒరిన్‌షా కళ్లజోడు పెట్టుకుని చదివి, తేదీ పైన రాశావు కింద రాయాలి, కారణం కూడా సరిగా లేదు అని వెనక్కి ఇచ్చేసింది.

మర్నాడు రబిగా తేదీ కింద రాసి తెచ్చింది. ఒరిన్‌షా మళ్లీ చదివింది. మళ్లీ వెనక్కి తోసింది. కారణం సరిగా లేదంది. గోడ మీద ఎలా ఉందో అలాగే రాశానని రబిగా అంటే, గోడ ఉద్యోగం మానెయ్యడం లేదుగా అంది. గింజలు కొరుకుతున్న బావమరిది తల ఎత్తి, తీసేసుకోవమ్మా, ఎందుకు తిప్పుతావు పాపం అన్నాడు.

“కాగితం తప్పుంటే తనిఖీ వాళ్లు నన్నడుగుతారు బాబూ, నిన్నడగరు” అంది ఒరిన్‌షా, అతని వైపు చూడకుండానే.

ఆ సాయంత్రం రబిగా ఇంటికి వచ్చి గిన్నెలు ఎత్తి పడేసింది. అవతల ఆస్పత్రిలో చోటు పోయేలా ఉంది, ఇవతల ఈ ముసలిది తేదీలూ కారణాలూ అంటూ కాళ్లరిగేలా తిప్పుతోంది అని కెంజెబెక్‌తో చెప్పుకుంది. మునిగిపోయే ఓడలో కూడా టికెట్లు అడిగే రకం అని బాల్‌జన్ అప్పటికే ఒక మాట పుట్టించింది. అది రబిగాకు బాగా నచ్చి, కనబడిన ప్రతివాళ్ల దగ్గరా అదే మాట అంది.

మూడోరోజు మధ్యాహ్నం మళ్లీ వెళ్లింది. ఒరిన్‌షా మూడో కాగితం కూడా పక్కన పెట్టేసింది. రబిగా ఏం రాయమంటావో అదైనా చెప్పి చావు అనబోయి, పెద్దావిడని ఆగింది.

“నువ్వెందుకు మానేస్తున్నావో నీ మాటల్లో రాయి” అంది ఒరిన్‌షా. “ఎవరో రాసిపెట్టింది నాకొద్దు. పదకొండేళ్లు పనిచేశావు. ఒక్క వాక్యం సొంతంగా రాయడం చేతకాదా?”

ఆ మాట రబిగాకు ఎక్కడో తగిలింది. కిటికీ గట్టు మీద తెల్లకాగితం పరుచుకుని, పెన్ను దిగబడేలా రాసింది. “అక్టోబరు నుంచి నాలుగు నెలలుగా మీరు నాకు జీతం ఇవ్వలేదు. ఒప్పందంలో రాసిన మాట మీరు నిలబెట్టుకోలేదు. అందుకే మానేస్తున్నాను. నాకు రావలసినదంతా ఇవ్వండి.” రాసింది తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. దీన్నీ తప్పంటే బల్ల తిరగేసి పోదామన్నంత కోపంగా ఉంది.

అప్పటికి బావమరిది ఫోను మాట్లాడుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లాడు. ఒరిన్‌షా కాగితాన్ని ఒక్కసారి చదివింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. సొరుగులోంచి స్టాంపు తీసి టప్పున కొట్టి, నంబరు వేసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. ఇంకో తెల్లకాగితం రబిగా ముందుకు జరిపి, ఇదే ఇంకొకటి రాయమంది. దాని మీదా అవే స్టాంపు, నంబరు వేసి ఆమె చేతికిచ్చింది.

“ఇది నీ దగ్గర ఉంచుకో. పోగొట్టుకుంటే మళ్లీ నా గుమ్మం ఎక్కొద్దు. ఏడు పనిదినాల్లో వాళ్లు జీతం ఇస్తే సరే. ఇవ్వకపోతే ఎనిమిదో రోజు వచ్చి పుస్తకం తీసుకెళ్లు.”

ఈలోగా తలుపు దగ్గర్నుంచి బావమరిది, అయిపోయిందా అన్నాడు. అయిపోయిందని ఒరిన్‌షా చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది.

అయితే గోడ మీది కాగితం చూసి రాసినవాళ్లకు ఆ రోజే పుస్తకం చేతికొస్తుంటే, తనకు మాత్రం ఏడు రోజులు ఎందుకో రబిగాకు అర్థం కాలేదు. అది కూడా తాళంకప్ప కక్షే అనుకుంది. ఆ కోపంలోనూ ఒక సంగతి ఆమెకు ఊరటగా అనిపించింది. మూడో నంబరు యంత్రంలో గుడ్లకు అప్పటికి పన్నెండు రోజులు నిండాయి. మధ్యలో వదిలేసి పోవడం ఆమెకు ఎలాగూ మనసు ఒప్పేది కాదు. మధ్యలో వచ్చిన సెలవులతో కలిపి ఆ తొమ్మిది రోజులూ వెళ్లింది. దీపం వెలుగుకు అడ్డంపెట్టి చూసి చెడిన గుడ్లు ఏరేసింది, పద్దెనిమిదో రోజున మిగతావాటిని కింది ట్రేలలోకి మార్చింది. ఆఖరి రోజున పెంకుల మధ్య తడిసిన ఈకలతో పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ లేస్తుంటే, ట్రే అంచు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ పిల్లల్ని కొనడానికి ఎవరూ రాలేదు. జీతం బదులు తీసుకెళ్లండి అన్నాడు డైరెక్టరు. బాల్‌జన్ రెండువందల పిల్లల్ని అట్టపెట్టెల్లో వేసుకుని, గోడ మీద ఉన్నట్టే రాసిచ్చి, సంతకం పెట్టి ఇంటికి వెళ్లింది. అప్పటికామె ఒకసారే కాగితం ఇచ్చింది. ఒరిన్‌షా దాన్ని వెనక్కి ఇవ్వబోతే, తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లి, మీ ముసలావిడ మమ్మల్ని పీడిస్తోందని గట్టిగా చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఒరిన్‌షా ఇంకేమీ అనకుండా ఆమె కాగితం తీసేసుకుంది.

మార్చి మొదటివారంలో రబిగా పని పుస్తకం తీసుకుని ఆస్పత్రిలో చేరింది. అక్కడా వేడిగదే. తెల్ల టోపీ పెట్టుకుని, ఆవిరిలో ఉడికిన కత్తెరలు పట్టుకారుతో తీసి గుడ్డల్లో చుట్టేది. జీతం నెల చివర్న చేతిలో పడింది. ఆ డబ్బు పట్టుకుని బజారులో అయిదు నిమిషాలు ఏం కొనాలో తోచక తిరిగింది.

ఏప్రిల్‌లో కోర్టు కోళ్లఫారం దివాలా తీసినట్టు ప్రకటించింది. ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచడానికి సెయిల్‌ఖాన్ అనే ఆయన్ను పంపారు. ఆయన ఫారం క్యాంటీనులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. రావలసినవాళ్లు నెలరోజుల్లో అర్జీ పెట్టుకోవాలని పత్రికలో వేశారు. రబిగా ఆ వైపే వెళ్లలేదు. తమంతట తాము మానేసి వచ్చినవాళ్లకు ఏమీ రాదని బేసెన్ ఎన్నోసార్లు చెప్పాడు. ఊరూ అదే నమ్మింది. అయిదు నెలల కష్టం మంచులో పోసినట్టే అనుకుని ఆమె ఆ ఆశ వదిలేసుకుంది.

ఒకరోజు సెయిల్‌ఖానే ఫోను చేశాడు. మీ పేరు నా దగ్గర ఉంది, అర్జీ మాత్రం లేదు, ఒకసారి రండి అన్నాడు. సెలవురోజు చూసుకుని కెంజెబెక్‌ను తోడు తీసుకుని వెళ్లింది. ఆయనకు అరవై దాటాయి. ఒక మోకాలు వంగదు, ఆ కాలు ఎదురు కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. లేవలేకపోతున్నాను, ఏమనుకోకండి అంటూ ఆమెకు టీ పోయించాడు. ముందు ఒక అట్ట ఫైలు తెరిచి ఉంది.

“రాజీనామా చేసినవాళ్లకు ఏమీ రాదని మీకెవరు చెప్పారమ్మా?”

“డైరెక్టరుగారే.”

“ఆయన ఇంకేం చెప్తాడు మరి” అన్నాడు సెయిల్‌ఖాన్, నవ్వకుండానే. ఆ తర్వాత వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ నిదానంగా చెప్పుకొచ్చాడు. మనిషి ఎలా మానేసినా పనిచేసిన రోజుల జీతం వాళ్లదే. వాడుకోని సెలవులకు కూడా లెక్కకట్టి డబ్బివ్వాలి. రబిగాకు అలాంటివి నలభై ఒక్క రోజులున్నాయి. మీద ఇంకో నెల జీతం ఉంది. యజమాని మాట తప్పడం వల్ల మానుకోవాల్సి వచ్చినవాళ్లకు వచ్చేది అది. ఊరికే ‘నా ఇష్టం’ అని రాసినవాళ్లకు రాదు. ఆస్తులు అమ్మాక బ్యాంకు కన్నా ముందు జీతాలవాళ్లకే ఇస్తారు. మొత్తం అయిదు లక్షల పదిహేను వేల తెంగేలు.

రబిగా కెంజెబెక్ వైపు చూసింది. అతను టీ గిన్నె నోటిదాకా తెచ్చుకుని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

“ఈ రాజీనామా మీ చేత ఎవరు రాయించారు?” అని అడిగాడు సెయిల్‌ఖాన్. “వకీలా?”

“ఎవరూ లేరు. కోపంతో నేనే రాశాను. మా ఆఫీసావిడ మూడుసార్లు వెనక్కి ఇచ్చింది. అందుకే ఆ కోపం.”

ఆయన ఫైలులో పేజీలు తిప్పి ఆమె వైపు తిప్పి పెట్టాడు. రబిగా పదకొండేళ్ల సెలవుల లెక్క అక్కడ చేత్తో రాసి ఉంది. ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు చేసింది, ఏ నెల జీతం ఆగింది, అంతా గుండ్రటి అక్షరాల్లో ఉంది. లెక్కల కంప్యూటరు ఎక్కడికి పోయిందో నాకు తెలీదు, డైరెక్టరుకూ తెలీదట అన్నాడు సెయిల్‌ఖాన్. నేను ఇక్కడికి వచ్చిన మొదటిరోజు ఒకావిడ చేతిబండి మీద ఈ ఫైళ్లు తోసుకొచ్చి నా ముందు పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్లింది. వంద మందికి పైగా మనుషుల ఫైళ్లు. అవి లేకపోతే నేనేం చేయగలిగేవాణ్ణి కాదు అని కూడా చెప్పాడు.

“కళ్లజోడుకు నల్ల దారం ఉందా?” అని అడిగింది రబిగా.

ఉందన్నాడు ఆయన, సంతకం కోసం అర్జీ కాగితం ఆమె ముందుకు జరుపుతూ.

తిరిగివచ్చేటప్పుడు రబిగా ఊరు కనబడుతుండగా ఆగి, ఆవిణ్ణి నేను ఎన్ని మాటలన్నానో నీకు తెలుసా అంది. తెలుసు, నా ముందే కదా అన్నావు అన్నాడు కెంజెబెక్. నువ్వొక్కదానివే అన్లేదులే, ఊరంతా అంది అని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆమెకు ఏమాత్రం ఊరటనివ్వలేదు.

మర్నాడు ఆస్పత్రి నుంచి రాగానే పిండి ముద్దలు నూనెలో బౌర్సక్‌లుగా వేయించి, వేడివేడిగా గుడ్డలో మూటకట్టుకుని ఒరిన్‌షా ఇంటికి వెళ్లింది. ఒరిన్‌షా వాకిట్లో ఆవు పాలు పితుకుతోంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే ఉంటుంది. మెళ్లో కళ్లజోడు ఇప్పుడూ వేలాడుతోంది. రబిగాను చూసి, కాగితం పోగొట్టుకున్నావా అని అడిగింది.

రబిగా అక్కడే మట్టిలో కూలబడి, మూట ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నన్ను క్షమించక్కా, నిన్ను నోటికొచ్చినట్టల్లా అన్నాను అని మాత్రం చెప్పగలిగింది. ఒరిన్‌షా బకెట్టు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమెను లోపలికి తీసుకెళ్లి టీ పెట్టింది.

“తాళంకప్ప అన్నారు, అంతేగా” అంది. “దానికేం, బీరువాకి ఉండాల్సిందే కదా.”

“నాకు ఒక్క మాట చెవిన వేస్తే పోయేది కదక్కా. ఇలా రాయవే అని.”

“వేస్తే ఏం చేసేదానివి? బాల్‌జన్‌కి చెప్పేదానివి. బాల్‌జన్ బావి దగ్గర చెప్పేది. సాయంత్రానికి బేసెన్ నన్ను గేటు బయట పెట్టేవాడు. తర్వాత మీ కాగితాల మీద స్టాంపు వేసేవాళ్లెవరు?” ఒరిన్‌షా బౌర్సక్ తుంచి టీలో ముంచింది. “పక్కన ఆ గింజలవాణ్ణి కూర్చోబెట్టింది నేనేం మాట్లాడతానో వినడానికే. వాడి ఎదురుగా నేను చేయగలిగింది ఒక్కటే. కాగితం వెనక్కివ్వడం. నువ్వేం రాస్తావో నాకు మాత్రం తెలుసా ఏంటి. ఎవరైనా విసిగిపోయి నిజం రాస్తారేమో అని చూశాను.”

అలా ఎంతమంది రాశారని రబిగా అడిగింది. నలుగురు అంది ఒరిన్‌షా. ముప్ఫై మందికి వెనక్కిచ్చింది. ఎక్కువమంది తేదీ మార్చుకుని వచ్చారు. కొందరు పైకి వెళ్లి ఫిర్యాదు చేశారు. ఆ నలుగురి రాజీనామా ఉత్తర్వులూ డైరెక్టరు సంతకానికి పంపినప్పుడు పాతిక కాగితాల మధ్యలో పెట్టిందట. అతను చదవకుండా సంతకాలు గీసేశాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు మాత్రం ఒరిన్‌షా మొహంలో కొంచెం గర్వం కనిపించింది.

రబిగా ఆమె చేతులు రెండూ పట్టుకుంది. నీ రుణం ఎలా తీర్చుకోనక్కా అంది.

“నాకేం తీర్చక్కర్లేదు. మిగిలినవాళ్ల సంగతి చూడు” అంటూ ఒరిన్‌షా లేచి అల్మారాలోంచి ఒక కాగితం తీసింది. గోడ మీది మాటలు రాసిచ్చినవాళ్ల పేర్లు, ఇరవై ఆరు. “రావలసిందేమీ లేదని రాసిచ్చినా పనిచేసిన జీతం పోదు, సెలవుల డబ్బూ పోదు. అర్జీ మాత్రం పెట్టుకోవాలి. ఇంకా పన్నెండు రోజులే ఉంది. వీళ్లెవరూ పెట్టుకోలేదు. నేను వెళ్తే తలుపు తీయరు. నువ్వెళ్తే తీస్తారు.”

ఆ పన్నెండు రోజులూ రబిగా ఆస్పత్రి పని ముగించుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపులు తీసినవాళ్లలో సగంమంది ముందు నమ్మలేదు. సంతకం పెట్టేశాం కదా, ఇప్పుడు వెళ్లి అడిగితే సిగ్గుచేటు అన్నారు. ఒకాయన, బేసెన్ మా అమ్మ చావుకు గొర్రెను పంపాడు, ఆయన మీద ఎలా అర్జీ పెడతాను అన్నాడు. నీ జీతంలోంచే పంపి ఉంటాడని కెంజెబెక్ గుమ్మం బయటి నుంచే అంటే, ఆయన కాసేపు ఆలోచించి చెప్పులు వేసుకున్నాడు. నడవలేని ఇద్దరు ముసలాళ్లను కెంజెబెక్ తెలిసినవాళ్ల బండిలో కూర్చోబెట్టి క్యాంటీనుకు తీసుకెళ్లాడు.

బాల్‌జన్ ఇంటికి ఆఖరున వెళ్లింది. గదిలో ఇంకా కోళ్ల వాసన ఉంది. రెండువందల పిల్లల్లో ఎనభై ఏడు మొదటి వారంలోనే చలికి చచ్చిపోయాయి. మిగిలినవాటికి దాణా కొనలేక సగం చుట్టాలకు పంచేసింది. రబిగా చెప్పిందంతా బాల్‌జన్ నేలచూపులు చూస్తూ వింది.

“నా కాగితం కూడా వెనక్కి ఇవ్వబోయింది” అంది. “నేనే వెళ్లి చాడీ చెప్పాను.”

“తెలుసు.”

“నాకేమీ రాదని నా చేత్తో రాసిచ్చాను కదక్కా.”

“రాస్తే ఏంటే? పనిచేశావా లేదా?”

చేశానంది బాల్‌జన్. అయితే లే అంది రబిగా.

గడువు ముగిసేసరికి ఇరవై ఆరుమందిలో ఇరవై నలుగురు అర్జీలు పెట్టారు. ఒకామె రష్యా వెళ్లిపోయింది. ఇంకొకాయన ఎంత చెప్పినా రాలేదు. బాల్‌జన్ విషయంలో కొంచెం గొడవ అయింది. తీసుకెళ్లిన పిల్లల ఖరీదు జీతంలోంచి తగ్గించాలన్నారు. బతికిన వాటికి తగ్గించండి, చచ్చినవాటికి నేనెందుకు కట్టాలి, అవి మీ దగ్గరున్నప్పుడే సగం చచ్చి ఉన్నాయి అని ఆమె సెయిల్‌ఖాన్ ముందు వాదించింది. ఆయన మోకాలు రుద్దుకుంటూ అంతా విని, బతికిన నూట పదమూడింటికి మాత్రం లెక్కకట్టాడు.

జులైలో యంత్రాలు వేలం వేశారు. మూడో నంబరుతో సహా అన్నిటినీ షిమ్‌కెంట్ వ్యాపారి ఒకడు కొనుక్కుపోయాడు. ఆగస్టులో జీతాలు వచ్చాయి. సెలవుల డబ్బూ, రబిగాకు రావలసిన అదనపు నెల జీతమూ షెడ్లు, స్థలం అమ్ముడుపోయాక నవంబరులో వచ్చాయి. ఆలస్యానికి కట్టాల్సిన వడ్డీ మాత్రం ఎవరికీ రాలేదు, ఇక రాదు కూడా. ఐగనిమ్ చదువుకు ఏడాదికి కట్టాల్సింది రబిగా ఒకేసారి కట్టేసింది. కెంజెబెక్ నడుముకు పట్టీ కొంది. మిగిలినదాంతో ఒక మంచి గొర్రెపోతును కొనమని భర్తకు చెప్పింది. ఎందుకని అతను అడగలేదు.

మొదటి మంచు పడిన ఆదివారం రబిగా ఇంట్లో భోజనాలకు పెద్ద గుడ్డ పరిచారు. ఐగనిమ్ తల్దికోర్గాన్ నుంచి వచ్చింది. ఫారంలో పనిచేసినవాళ్లు పద్దెనిమిది మంది వచ్చారు. మోకాలు ఈడ్చుకుంటూ సెయిల్‌ఖాన్ కూడా వచ్చాడు. ఒరిన్‌షాను బాల్‌జనే వెళ్లి వెంటబెట్టుకొచ్చింది. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, వచ్చేసరికి ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఒరిన్‌షా గుమ్మం పక్కన కూర్చోబోతే బాల్‌జన్ ఆమె భుజాలు పట్టుకుని తీసుకెళ్లి, పెద్దలు కూర్చునే పైచోటున కూర్చోబెట్టింది.

మాంసం ఉడికింది. కెంజెబెక్ నడుము పట్టుకుంటూ వంగి, అందరికన్నా పెద్ద అతిథికి పెట్టే గొర్రె తల ఉన్న పళ్లెం తెచ్చాడు. అందరూ అది సెయిల్‌ఖాన్ ముందు పెడతాడనుకున్నారు. కెంజెబెక్ ఆయన్ను దాటుకెళ్లి దాన్ని ఒరిన్‌షా ముందు పెట్టాడు, తల ఆమె వైపు తిరిగి ఉండేలా సర్ది, కత్తి పిడి ఆమె చేతికి అందించాడు.

“ఇదేంటి నాయనా” అంది ఒరిన్‌షా. “ఇంతమంది మగవాళ్లుండగా నాకు పెట్టడమేంటి. ఆయన ముందు పెట్టు.”

“నేను కూడా మీ ఫైళ్ల వల్లే పనిచేశానమ్మా, మీరే కోయండి” అన్నాడు సెయిల్‌ఖాన్.

యాభై ఎనిమిదేళ్లలో ఆమె ముందు ఎవరూ గొర్రె తల పెట్టలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక కాసేపు కత్తి పట్టుకుని చూసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుంది. ఒక చెవి కోసి అక్కడ ఆడుకుంటున్న పక్కింటి పిల్లకు ఇచ్చింది. అంగిలి తీసి, చేతిపని బాగా రావాలని ఐగనిమ్‌కు ఇచ్చింది. ఆ తర్వాత చెంప దగ్గర మెత్తటి ముక్క కోసి రబిగా నోటికి అందించింది. రబిగా రెండు చేతులతో ఆమె చేతిని పట్టుకుని ఆ ముక్క తింది.

భోజనాలయ్యాక దీవెన కూడా ఒరిన్‌షానే ఇవ్వమన్నారు. ఆమె అరచేతులు తెరిచింది. గదిలో అందరూ చేతులు చాపారు.

“పనిచేసినవాళ్ల చేతికి కూలి అందాలి” అంది, ఆఫీసులో చెప్పినట్టు పొడిగానే. “అందినది ఒంటికి పట్టాలి. ఈ ఇంట్లో పొయ్యి ఆరకూడదు. ఈ పిల్ల చదువు పూర్తికావాలి. ఈయన మోకాలు వంగాలి.”

సెయిల్‌ఖాన్ అందరికన్నా గట్టిగా ఆమీన్ అన్నాడు. అందరూ నవ్వుతూ, దీవెన అందుకున్నట్టు అరచేతులతో మొహాలు తుడుచుకున్నారు. బాల్‌జన్ టీ గిన్నెలు తీసుకుని ముందుగా ఒరిన్‌షా దగ్గరికి వెళ్లి, పాలు ఎక్కువా తక్కువా అని అడిగింది.